ఒక్కరోజులో తిరుపతి తోటలు చూసొచ్చి, ఇంటి ముందు ఏం నాటాలో తేల్చుకోవడం ఎలా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకూ వీలుగా ఉంటుంది. తిరుపతి శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. పడమర వాకిలి. ముందు పదడుగుల వెడల్పు, ఇరవై అయిదడుగుల పొడవు ఖాళీ స్థలం, ఇంటి పక్కన మూడడుగుల సందు. ఉన్నవి బోరు నీళ్లే. అత్తగారికి పూజకు పూలు కావాలి, మీవారికి కారు మీద నీడ పడాలి, మీకు గేటు తీయగానే పచ్చగా, నిండుగా కనబడాలి. నర్సరీకి వెళ్తే ఏది కొనాలో తెలియక టెన్షన్ పడి తిరిగి వచ్చేశారు. ఒకరోజు కేటాయించి తోటలు చూసొస్తే ఐడియా వస్తుందా, ఎక్కడికెళ్లాలి, బెంగళూరు లాల్‌బాగ్ దాకా పోవాలా అని అడిగారు.

చాలా మంచి ఆలోచన. ఇళ్ల ముందు తోటలు వేసిపెట్టడమే నా పని, ఎన్నో ఏళ్లుగా ఇదే ఊళ్లో చేస్తున్నాను. నర్సరీకి వెళ్లేముందు తోటలు చూడమని అందరికీ చెప్తాను. నర్సరీలో మొక్క గ్రీన్‌నెట్ నీడలో, రోజుకు రెండుసార్లు నీళ్లు తాగుతూ, పూత మీద ఉంటుంది. మీ ఇంటికొచ్చాక మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు అదెలా ఉంటుందో అక్కడ తెలియదు. తోటలో తెలుస్తుంది. అయితే తోట చూసే పద్ధతి ఒకటుంది. ఏ మొక్క నచ్చినా, మీ ఇంటి ముందున్న ఎండ, నేల, నీళ్లు ఆ మొక్కకు కూడా అలాగే ఉన్నాయా అని మొదట చూడాలి. అవి కలిస్తేనే దాని పేరు రాసుకోండి. కలవకపోతే ఎంత అందంగా ఉన్నా ఫొటో తీసుకుని వదిలేయండి.

అందుకే బయల్దేరేముందు ఇంటి దగ్గర చేయాల్సిన పని ఒకటుంది. ఒక ఆదివారం పొద్దున ఏడింటికి, పదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి మీ ఖాళీ స్థలం ఫొటో తీయండి. ఎండ ఎక్కడిదాకా వస్తోందో, పక్కింటి మిద్దె నీడ ఎక్కడ పడుతోందో వాటిలో కనబడుతుంది. పడమర వాకిలి అంటున్నారు కాబట్టి పొద్దున ఇంటి నీడే ఆ స్థలం మీద పడుతుంది. మధ్యాహ్నం నుంచి మాత్రం పొద్దుగూకే దాకా ఎదురెండ. పైగా కాంపౌండు గోడ, సిమెంటు వాకిలి పట్టిన వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటాయి. తూర్పు వాకిలి ఇంట్లో హాయిగా పెరిగే మొక్కలు చాలావాటికి మీ దగ్గర ఆకు అంచులు మాడతాయి. ఇంకో చిన్న పని: ఒక గుంట అడుగు లోతు తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి, ఎంతసేపటికి ఇంకుతాయో చూడండి. కొత్త లేఅవుట్లలో ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు, ఇసుక పైపైన మట్టి కప్పి వదిలేస్తారు. అలాంటి చోట నీళ్లు పూట గడిచినా నిలిచే ఉంటాయి. ఆ సంగతి ముందే తెలియాలి, ఎందుకంటే ఈ ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడతాయి. నవంబరు తుపాను వానకు వేళ్లు నీళ్లలో నానిపోయి చచ్చే మొక్కలు, ఎండకు చచ్చేవాటికంటే ఏమీ తక్కువ కాదు.

ఇక చూడాల్సిన చోట్లు. పొద్దున్నే తిరుమలతో మొదలుపెట్టండి. వీలైతే శని, ఆదివారాలు వదిలేసి మామూలు రోజు పెట్టుకోండి. దర్శనం అదేరోజు పెట్టుకుంటే తోటలు చూడటానికి టైమే దొరకదు, దాన్ని వేరే రోజుకు ఉంచుకోండి. ఆరింటికల్లా కొండమీద ఉంటే మంచు తడి ఆరకముందే చూడొచ్చు, తోటమాలులు పనిలో ఉంటారు, మాట్లాడటానికీ దొరుకుతారు.

తిరుమలను పుష్పమండపమని పిలుస్తారు. రామానుజుల వారి శిష్యుడు అనంతాళ్వాన్ గురువు మాట మీద కొండకు వచ్చి స్వామికి పూలతోట వేశారని సంప్రదాయం. గుడి వెనక ఆయన తోట ఇప్పటికీ ఉంది. ఆ తోటలో పూలు కోయడానికి స్వామి, అమ్మవారు మారువేషాల్లో వస్తే, అనంతాళ్వాన్ దొంగలనుకుని అమ్మవారిని చెట్టుకు కట్టేశారని, స్వామి అప్రదక్షిణంగా పరుగెత్తారని కథ. దాని గుర్తుగానే బ్రహ్మోత్సవాలు ముగిశాక బాగ్‌సవారి ఉత్సవం చేస్తారు. ఆయన వాడారని చెప్పే గునపాన్ని మహాద్వారం దగ్గర వేలాడదీసి ఉంచారు, దర్శనానికి వెళ్లినప్పుడు తలెత్తి చూడండి. గునపం పట్టి మట్టి తవ్వినవాడికి అంత గౌరవం ఇచ్చిన ఊరు మనది. నాలాంటి పని చేసేవాళ్లకు అది ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. కొండమీద పూలన్నీ స్వామివేనని ఆడవాళ్లు కూడా తలలో పెట్టుకోరు. కాబట్టి ఒక్క పువ్వు కూడా కోయకండి, ‘ఒక్క కొమ్మ తెంపుకుంటాం’ అని అడగనూ వద్దు.

తిరుమల తోటల్లో మొక్కల పేర్లకంటే అమరిక చూడండి. దానికి కారణముంది. కొండ సుమారు 2,800 అడుగుల ఎత్తు. కింద తిరుపతి అయిదారు వందల అడుగుల దగ్గర ఉంటుంది. ఆ తేడాకే నాలుగైదు డిగ్రీల చల్లదనం వస్తుంది, రాత్రిళ్లు ఇంకా హాయిగా ఉంటుంది. అక్కడ గుత్తులు గుత్తులుగా పూసే గులాబీ, చామంతి, డాలియా చూసి ముచ్చటపడి కింద నాటితే, చలికాలం మూడు నెలలు పూసి మార్చి దాటగానే డీలా పడతాయి. వాటిని డిసెంబరు, జనవరి కుండీల కోసం రాసుకోండి, నేలలో నాటే లిస్టులో పెట్టకండి. అమరిక మాత్రం ఏ ఎత్తుకైనా పనికొస్తుంది. పూలపరుపు దగ్గర నిలబడి లెక్కపెట్టండి: ఎంత పెద్ద పరుపులోనైనా రెండు మూడు రకాల మొక్కలే ఉంటాయి, అవే గుంపులు గుంపులుగా ఉంటాయి. అంచున ఆకు రంగు కోసం ఒక పొట్టి మొక్క, లోపల ఒకే రంగు పూలు, నడుమ ఒక ఎత్తు మొక్క. మన ఇళ్లల్లో రకానికి ఒకటి చొప్పున ఇరవై రకాలు తెచ్చి పెడతాం, ఏదీ కంటికి ఆనదు. మీ 250 చదరపు అడుగులకు అయిదారు రకాలు చాలు, ఒక్కో రకం మూడు మొక్కలు పెట్టండి. మీరు కోరుకునే నిండుదనం అలా వస్తుంది.

అక్కడి నుంచి శిలాతోరణం. సహజంగా ఏర్పడిన ఆ రాతి కమాను చుట్టూ పార్కు ఉంది. అందరూ తోరణం ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు కాసేపు బండల సందుల్లో మొలిచినవి చూడండి. రాయి పక్కనే పెరిగిన మొక్క వేరు రాయి కిందికి పోయి చల్లటి తడిని పట్టుకుంటుంది. ఇంటి ముందు ఎండ చోట మొక్క మొదట్లో పడమటి పక్కన ఒక పెద్ద రాయి పెడితే అదే మేలు జరుగుతుంది. ఈ ఒక్క చిట్కాతో పడమటి ఎండలో తట్టుకున్న మొక్కలు నాకు చాలా తెలుసు. రాళ్లకు మన జిల్లాలో కరువేమీ లేదు కదా.

దిగేటప్పుడు పాత ఘాట్ రోడ్డు మీదుగా వస్తారు. అది 1944లో మొదలైన దారి. బండి ఎక్కడబడితే అక్కడ ఆపకూడదు కాబట్టి కిటికీలోంచే చూడండి. ఎవరూ నీళ్లు పోయని తోట అది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం, తెల్లకరక, మొగి లాంటి చెట్లకు ఇదే పుట్టిల్లు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఆకు రాల్చి పసుపు గుత్తులు వేలాడేసిన రేలచెట్టు కనబడుతుంది. ఎండ ముదిరేకొద్దీ పూసే చెట్టు అది. పదడుగుల వెడల్పులో ఈ అడవి చెట్లు పట్టవు. కానీ మీ ఇంటి ముందు రోడ్డు వెడల్పుగా ఉండి, కరెంటు తీగలు అవతలి పక్కన ఉంటే, గేటు బయట ఒక రేలచెట్టు వేయండి. వీధి మొత్తానికి మేలు చేసినవాళ్లవుతారు.

కిందికి వచ్చి భోజనం చేసి, ఇంటికెళ్లి పడుకోకండి. రెండున్నర నుంచి నాలుగింటి దాకా ఉన్న సమయమే ఈ రోజు మొత్తంలో ముఖ్యమైనది. టోపీ పెట్టుకుని, నీళ్ల బాటిల్ పట్టుకుని, ఊళ్లో రోడ్ల మధ్య డివైడర్లు చూడండి. రెండువైపులా తారు రోడ్డు, కింద కొద్దిపాటి మట్టి, పొగ, ట్యాంకరు వచ్చిన రోజే నీళ్లు. మీ పడమటి వాకిలి కంటే కష్టమైన చోటు అది. అక్కడ నిలదొక్కుకున్న మొక్క మీ ఇంట్లో రాజ్యమేలుతుంది. గన్నేరు, కాగితం పూలు, పసుపు గంటల టెకోమా, దేవగన్నేరు, బిళ్లగన్నేరు... ఇలాంటివే కనబడతాయి. మూడింటికి ఆకు వాల్చకుండా నిలబడ్డవి ఏవో రాసుకోండి. వాల్చినవి కూడా రాసుకోండి. సాయంత్రం అదే దారిలో వస్తూ అవి తేరుకున్నాయో లేదో చూడండి. తేరుకుంటే పరవాలేదు, అది వేడికి పడ్డ అలసట. సాయంత్రమైనా లేవకపోతే దానికి నీళ్లు చాలడం లేదు.

కాగితం పూల దగ్గర ఒక్క నిమిషం ఆగి దగ్గరగా చూడండి. మనం పువ్వనుకునే ఆ గులాబీ రంగు రేకులు నిజానికి రంగు మారిన ఆకులు. మూడు రేకుల మధ్య సన్నటి గొట్టంలా, కొసన తెల్లగా విచ్చుకున్నవే అసలు పూలు. అందుకే రంగు అన్ని రోజులు రాలకుండా నిలుస్తుంది. ఇప్పుడు డివైడరు మీద మొక్కను, ఏ హోటల్ లాన్ పక్కనో పెరిగిన అదే రకం మొక్కను పోల్చండి. లాన్ పక్కది ఏపుగా, పచ్చగా, పొడుగాటి కొమ్మలు వేసి ఉంటుంది, రంగు మాత్రం అక్కడక్కడే. డివైడరు మీదది ఆకు కనబడకుండా పూసి ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తే ఆకు, ఆరబెడితే పువ్వు. ‘మా కాగితం పూల మొక్క పూయడం లేదు, ఏ మందు వేయాలి?’ అని నన్ను అడిగే వాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఒక్కటే: ఆరుగంటల ఎండ తగిలేచోట ఉంచండి, నీళ్లు తగ్గించండి, మందు వద్దు.

ఇంకో మొక్క కూడా దగ్గరగా చూడాలి: నూరు వరహాలు, నర్సరీవాళ్లు ఎక్సోరా అంటారు. ఊళ్లో ఎక్కడ చూసినా ఉంటుంది. దాని లేత ఆకు పట్టుకుని చూడండి. ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం పసుపు తిరిగి ఉంటే అది చీడ కాదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ల వల్ల నేలలో ఉన్న ఇనుము మొక్కకు అందక వచ్చిన లోపం. కుండీల అంచున, డ్రిప్పు గొట్టాల చివర తెల్లటి పొరలా పేరుకున్నది కూడా ఆ ఉప్పు, సున్నమే. మీ ఇంట్లో కుళాయిల మీద ఆ తెల్లమరక ఉందేమో చూడండి. ఉంటే ఎక్సోరా, గార్డీనియా లాంటివి మీకు ఏటా ఖర్చు పెట్టిస్తాయి. ఇనుము కోసం ఉత్త అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) చల్లితే ఆ నేలలో అది కూడా బిగుసుకుపోయి అందదు. ఎరువుల షాపులో ‘చీలేటెడ్ ఐరన్’ అని అడిగి వాడాల్సి వస్తుంది, పెంటెరువు దండిగా వేయాలి, మిద్దె మీద పడే వాననీటిని తొట్టెలోకి మళ్లించుకోవాలి. ఇంత చేసే ఓపిక ఉంటే వేసుకోండి. లేదంటే నందివర్ధనం, గన్నేరు, టెకోమా, దేవగన్నేరు ఆ నీళ్లతోనే బాగుంటాయి.

నాలుగు దాటాక శ్రీనివాసమంగాపురం వైపు బయల్దేరండి. కళ్యాణ వేంకటేశ్వరస్వామి గుడి పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది, చుట్టూ పచ్చిక పరిచారు. అక్కడి నుంచి చంద్రగిరి కోట దగ్గరే. రాజమహల్, రాణీమహల్ ముందు విశాలమైన పచ్చిక, వెనక బండరాళ్ల కొండ. సాయంత్రపు ఎండ ఆ గోడల మీద పడ్డప్పుడు చూసి తీరాలి. రాజమహల్‌లోని మ్యూజియం కూడా చూడాలనుకుంటే శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. తోట కోసం వెళ్లినవాళ్లు ఇక్కడ ఖాళీని చూడాలి. భవనం ముందు పొదలతో కుక్కేయకుండా వదిలేశారు కాబట్టే దాని అందం అంత దూరం నుంచీ కనబడుతుంది. మీ వాకిలికి ఎదురుగా కూడా మొక్క పెట్టకండి. రెండు పక్కలా పెట్టి నడుమ వదిలేయండి.

పచ్చిక చూసి మనసు పారేసుకోకండి మాత్రం. లాన్ గురించి నా అభిప్రాయం గట్టిదే: తిరుపతిలో బోరు నీళ్ల మీద ఆధారపడిన ఇంటికి లాన్ వద్దు. ఎండాకాలమంతా రోజూ తడపాలి, కోయాలి, కలుపు తీయాలి. చెట్టు పెరిగి నీడ పడ్డాక ఆ కింద గడ్డి పలచబడి మట్టి తేలుతుంది. ప్రభుత్వ తోటల్లో అదే పనిగా మనుషులు ఉంటారు. ఆ నీళ్లతో మీరు నాలుగు పొదలు, రెండు తీగలు హాయిగా పెంచొచ్చు.

ఎక్కడికెళ్లినా పనిచేస్తున్న తోటమాలి కనబడితే పలకరించండి. ‘అన్నా, ఎండాకాలం దీనికి ఎన్నిరోజులకోసారి నీళ్లు పెడతారు? ఎప్పుడు కత్తిరిస్తారు? ఏ నెలలో బాగా పూస్తుంది?’ ఈ మూడూ అడగండి. మొక్కలు ఎక్కడ కొన్నారు, ధర ఎంత అని మొదలుపెడితే ముక్తసరిగా జవాబిస్తారు. పని గురించి అడిగితే ఆగి, పార పక్కన పెట్టి చెప్తారు. వాళ్లకు తెలిసినంత ఏ వీడియోలోనూ దొరకదు. నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం అలా రోడ్డు పక్కన నిలబడి విన్నదే.

ఫొటోలు తీసేటప్పుడు ఒక్కో మొక్కకు మూడు తీయండి. దూరం నుంచి మొత్తం మొక్క, మనిషిని పక్కన నిలబెట్టి, ఎత్తు తెలిసేలా. దగ్గరగా ఆకు, పువ్వు. మూడోది మొక్క మొదలు: వేళ్లు నేలను పైకి లేపుతున్నాయా, పక్కనున్న గచ్చు పగిలిందా అన్నది అందులో తెలుస్తుంది. మర్రి, రావి జాతి మొక్కలు కుండీలో ముద్దుగా ఉంటాయి కానీ సంపు, సెప్టిక్ ట్యాంకు దగ్గర నేలలో పెడితే వేళ్లు వాటినే వెతుక్కుంటూ పోతాయి.

ఇంకా ఓపికుంటే చీకటి పడేవేళకు తిరుచానూరు వెళ్లండి. అమ్మవారి గుడి దగ్గర పూల అంగళ్లలో ఆ కాలానికి ఏం దొరుకుతున్నాయో చూస్తే మన నేలకు ఏ నెలలో ఏవి పూస్తాయో ఒక అంచనా వస్తుంది. వాసన ఉన్న మొక్కను రాత్రిపూటే ఎంచుకోవాలి. మల్లె, సన్నజాజి, పారిజాతం, రాధామనోహరం పొద్దువాలాకే తమ గుణం చూపిస్తాయి. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనబడతాయి.

లాల్‌బాగ్ సంగతి. తప్పకుండా చూడాల్సిన చోటే. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన తోట, 240 ఎకరాలు. జనవరి 26కు, ఆగస్టు 15కు పూల ప్రదర్శన పెడతారు. పిల్లలను తీసుకుని సరదాగా వెళ్లండి. కానీ బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, తిరుమలకు చెప్పిందే దానికీ వర్తిస్తుంది. అక్కడ చూసి నాటే మొక్కలు ఎంచుకోకండి, అక్కడి నర్సరీలో కొని డిక్కీలో వేసుకుని అస్సలు రాకండి. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగగానే వేడి ఎలా మారుతుందో కారులో ఉన్న మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ స్థలానికి నేనైతే ఏం చేస్తానో చెప్తాను. మీరు చూసొచ్చాక దీన్ని మార్చుకోండి. నైరుతి మూలకు ఒక దేవగన్నేరు. ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నం ఎండ వచ్చేది ఆ వైపు నుంచే. చలికాలం ఆకు రాలుస్తుంది, ఎండాకాలానికి పూత, నీడ రెండూ ఇస్తుంది. కొమ్మతోనే నాటుకోవచ్చు, కోసిన చోట పాలు ఆరేలా నాలుగైదు రోజులు నీడలో ఉంచి నాటాలి. కారు మీద నీడకు చెట్టు కోసం ఎదురుచూడొద్దు, ఇనుప పందిరి వేయించి రాధామనోహరం పాకించండి. పూలు కారు మీద రాలతాయని మీవారికి ముందే చెప్పండి. రాలకూడదంటే షీటు వేయించడం తప్ప దారి లేదు. కానుగ త్వరగా నీడ ఇస్తుంది కానీ అంత చిన్న చోటుకు పెద్దదైపోతుంది. నీడకు, నిండుదనానికి, వాసనకు కలిపి ఒకే చెట్టు అడిగితే పొగడ అని చెప్తాను. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పూలు ఎండినా వాసన పోదు. నిదానంగా పెరుగుతుంది, ఏళ్లు ఆగగలిగితే గేటు పక్కన గోడకు ఆరడుగుల దూరంలో అదొక్కటి చాలు.

అత్తగారికి ముద్ద నందివర్ధనం మూడు మొక్కలు, నాలుగడుగుల ఎడంతో. రోజూ బుట్టలోకి పూలొస్తాయి. పారిజాతం ఒకటి. దాని పూలు తెల్లవారేసరికి రాలి ఉంటాయి, రాలినవే పూజకు వాడతారు కాబట్టి దాని కింద గచ్చు కాకుండా శుభ్రంగా ఊడ్చుకునే మట్టి నేల ఉంచండి. మల్లెకు డిసెంబరు చివర్లోనో జనవరిలోనో నీళ్లు ఆపి, ఆకు రాలాక కత్తిరించి, ఎరువు వేసి తడి పెడితే మార్చి నుంచి మొగ్గ విరగకాస్తుంది. మూడడుగుల సందులో ఎండ రాదని ఖాళీగా వదలకండి. గోడకు తాడు కట్టి తమలపాకు తీగ పాకించండి, దానికి కావలసింది నీడ, తడే. పూజకు ఆకు కొనక్కర్లేదు. గన్నేరు వేస్తే మాత్రం చిన్నపిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట వేయండి. దాని ఆకు, కొమ్మ, పువ్వు, పాలు అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజలు ఇంకా ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో నేను నాటనే నాటను.

తోటలు చూసిన రోజే నర్సరీకి వెళ్లకండి. వారం ఆగి, రాసుకున్న లిస్టులో సగం కొట్టేసి అప్పుడు వెళ్లండి. ఇక్కడ అమ్మే మొక్కలు చాలావరకు గోదావరి పక్కన కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. వేళ్ల చుట్టూ బంకమట్టి ఉంటుంది. ఎండితే అది సంగటి ముద్దలా గట్టిపడుతుంది. మన ఎర్ర ఇసుక నేలలో దాన్ని అలాగే పాతేస్తే నీళ్లు ముద్ద చుట్టూ ఉన్న వదులు మట్టిలోకి జారిపోతాయి, లోపలి వేరుకు అందవు. పైన తడిగా కనబడుతున్నా మొక్క ఎండిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. నాటేముందు కవరుతో సహా బకెట్ నీళ్లలో బుడగలు రావడం ఆగేదాకా ముంచి, కవరు చింపి, ముద్ద అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేయండి. అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే విప్పండి, విప్పలేనివి కత్తిరించండి. పూతతో ఉన్న పెద్ద మొక్కకంటే, మోకాలెత్తున్న పొట్టి మొక్క ఏడాది తిరిగేసరికి ముందుకు పోతుంది, ధర కూడా తక్కువ. తెచ్చిన రోజే ఎదురెండలో నాటకండి. పది రోజులు వాకిట్లో నీడన పెట్టి రోజూ కొంచెం కొంచెం ఎండ అలవాటు చేయండి.

గుంట రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు తీయించి, సిమెంటు పెళ్లలు ఏరి బయట పారేయండి. తవ్విన మట్టిలో మూడోవంతు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. నీళ్లు ఇంకే పరీక్షలో మీ నేల తప్పితే మొక్కలను ఏడెనిమిది అంగుళాలు ఎత్తు చేసిన మడిలో నాటండి. మొక్క మొదలు చుట్టూ చెనక్కాయ పొట్టు మూడంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం తగలనీయకండి. మన జిల్లాలో సులువుగా దొరికేది, ఎండ నుంచి నేలను కాచేది అంతకంటే మంచిది లేదు. కొత్తది పరిచాక చెదలు చేరాయేమో అప్పుడప్పుడు ఎత్తి చూస్తుండండి. నాటడానికి సెప్టెంబరు మంచిది. అక్టోబరు వానలు వచ్చేలోగా వేరు పట్టుకుంటుంది, మే వచ్చేసరికి మొక్కకు ఎనిమిది నెలల వయసుంటుంది.

చూసొచ్చాక మీ లిస్టు, ఇంటి ముందు తీసిన నాలుగు పూటల ఫొటోలు ఇక్కడే పెట్టండి. గేటు ఎటువైపు తెరుచుకుంటుందో, కరెంటు తీగలు, సంపు, డ్రైనేజీ పైపు ఎక్కడున్నాయో కాగితం మీద చేత్తో గీసి దాని ఫొటో కూడా జత చేయండి. పారిజాతం ఏ మూలకు వేయాలో అది చూశాకే చెప్పగలను.